నేను బొగ్గు కడిగిన పాట

బొగ్గును పాలు పోసి కడిగినా తెల్లబడదని సామెత. ఆ సామెత కట్టిన పెద్దమనిషి నా స్టూడియోకు రాలేదు. నేను కడిగాను, తెల్లబడింది. ఎంతగా తెల్లబడిందంటే, రిటైరైన బొగ్గుబాయి కార్మికులు హాలు నిండా కూర్చుని, తెర మీద తమ మొహాలు తామే గుర్తుపట్టలేక "గీ పోరగాండ్లు ఎవలు?" అని ఒకరినొకరు అడుక్కున్నారు. అక్కడితో ఆగినా నా మర్యాద కొంత మిగిలేది. అదే మధ్యాహ్నం బతికున్న మనిషి కోసం ఒకావిడ గుండెలు బాదుకుంటూ వీధిలో పరుగెత్తింది. అన్నిటికన్నా ఘోరం, మా బాపును, నన్ను కన్న తండ్రిని, నేనే స్వయంగా, వారం రోజులు తిండి సరిగా తినకుండా కష్టపడి, సినిమాలోంచి తీసిపారేశాను. వరసగా చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి, మా బాపు పక్కన ఉన్నప్పుడు మాత్రం వద్దు.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. లక్సెట్టిపేటలో ఫోటో స్టూడియో, పెళ్లి వీడియోల పని. పెళ్లి వీడియో అంటే తెలుసు కదా, పెళ్లికూతురు మొహం మీద మొటిమ ఉంటే మాయం చేయాలి, పెళ్లికొడుకు నల్లగా ఉంటే గోధుమరంగులోకి తేవాలి, మేనమామ దగ్గితే ఆ దగ్గు తీసేసి సన్నాయి వేయాలి. ఈ మూడింటిలో నన్ను మించినవాడు గోదావరికి ఇటుపక్క లేడని నా నమ్మకం. అటుపక్క ధర్మపురిలో ఒకడున్నాడనేవారు, నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

మా సొంతూరు బెల్లంపల్లి. బెల్లంపల్లిలో ఒకప్పుడు రాక్ బ్యాండ్ ఉండేదంటే మీరు నమ్మరు. నేనూ చాలాకాలం నమ్మలేదు. బాపు పెళ్లికి ముందు సంగతి అది. మా చర్చిలో కీర్తనలకు గిటారు వాయించే విక్టర్ మామ, రేడియోలో ఇంగ్లీషు పాటలు విని విని, బాయిలో తనతో పనిచేసే కుర్రాళ్లను పోగుచేసి బ్యాండు కట్టాడు. పేరు "ఫస్ట్ షిఫ్ట్ బాయ్స్". మొదటి షిఫ్టు దిగి, ఇంటికి పోకుండా, స్నానం చేయకుండా, బొగ్గు మొహాలతోనే చర్చి వెనక మైదానంలో వాయించేవారు. "ఇంటికి పోతే అవ్వ నీళ్లు తెమ్మంటది, కట్టెలు కొట్టమంటది. ఇగ పాటేడికెల్లి వస్తది?" అని విక్టర్ మామ లాజిక్కు.

అలాంటి రోజుల్లో బొంబాయి నుంచి సినిమా చదువు చదివే కుర్రాడొకడు కెమెరాతో వచ్చి, నెల రోజులు వీళ్ల వెంట తిరిగి, ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీశాడు. పోతూ పోతూ మాటిచ్చి, మాట ప్రకారం ఒక రీలు డబ్బా చర్చికి పంపాడు. ప్రతి క్రిస్మస్ వారంలో దాన్ని హాలులో వేసేవారు. ప్రొజెక్టరు చచ్చాక రీలును కేసెట్టులోకి ఎక్కించారు. నాకు బుద్ధి తెలిసేసరికి కేసెట్టుకు బూజు పట్టింది, దాన్ని ఆడించే డబ్బా కూడా పోయింది. నేను ఆ సినిమా ఒక్కసారీ చూడలేదు. చూసినవాళ్లు మాత్రం చర్చిలో కీర్తన కన్నా దాన్నే ఎక్కువ కంఠతా పట్టారు.

ఇందులో మా ఇంటి పరువు ఎక్కడ ఇరుక్కుందో చెబుతాను. మా బాపు దానియేలు, ఊరికి దానయ్య, తానూ ఆ బ్యాండులో ఉన్నానంటాడు. విక్టర్ మామ కాదంటాడు. చాయ్ హోటల్లో నలుగురున్నప్పుడు చూసి మరీ అంటించేవాడు.

"దానయ్యనా? బ్యాండ్ల ఉండె, ఎందుకుండడు. మాకు కుండల నీళ్లు తెచ్చేటోడు!"

నలుగురూ నవ్వేవారు. బాపు నవ్వేవాడు కాదు. రిటైరయ్యాక ఆ మాట ఆయన్ను మరీ ఎక్కువగా గుచ్చుకున్నట్టుంది, హోటలుకు పోవడమే మానేశాడు. ఆదివారం చర్చిలో గంట కొట్టడం, ఇంటికి రావడం, అంతే. దానయ్యకు పానం బాగలేదట అని ఊళ్లో పుకారు కూడా పుట్టింది. మా చర్చి గంట అసలు గంట కాదు, వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. గబగబా కొడితే ఆరాధనకు రమ్మని. ఒక్కొక్క దెబ్బ ఆగి ఆగి కొడితే ఎవరో పోయారని.

ఒక రోజు పాస్టరు గారు రీలు డబ్బా నా చేతిలో పెట్టారు. "ప్రవీణ్, నువ్వు వీడియోలు చేస్తవు గద. దీన్ని జర బాగుచేయి బిడ్డా. ఒక ఆదివారం అందరికీ చూపెడుదాం."

ఆ సంగతి చెప్పగానే బాపు మొహంలో వచ్చిన వెలుగు నేను మరచిపోలేను. "మంచిగ చెయ్యిరా. సినిమా సాఫ్‌గ కనబడితే అన్నీ బయటపడ్తయ్" అన్నాడు.

"నువ్వేం వాయించినవే బాపు?"

"ముందే చెప్తే ఏం మజా? సూడు, నీకే తెలుస్తది."

పాఠకులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ ప్రశ్నను ఇంకొక్కసారి గట్టిగా అడిగి ఉంటే నాకీ రాత ఉండేది కాదు. అడగలేదు. నిపుణుడికి అడగడమంటే నామోషీ.

హైదరాబాదులో ఒకచోట రీలును కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చారు. ఎక్కించేటప్పుడే అది పెళుసుబారి ముక్కలైందని, ఇక పనికిరాదని చెప్పారు. పోనీలే, ఫైలుంది కదా అనుకున్నాను. స్టూడియోలో తలుపేసుకుని చూశాను. తెలుపు నలుపు బొమ్మ, వాన పడుతున్నట్టు నిలువు గీతలు, బొగ్గు మొహాలు. ఆ మొహాల్లో బాపు ఏడీ? కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనిపించవు. సరే, బొగ్గు తుడిస్తే తేలుతుంది కదా! నా సాఫ్ట్‌వేరులో దుమ్ము తీసే మీట ఒకటుంది. నొక్కాను. మొదటి మొహం తెల్లబడింది, బాపు కాదు. రెండోది తుడిచాను, కాదు. చివరి మొహం దాకా కడిగాను. ఒక్కడూ మా బాపు కాడు.

అయితే విక్టర్ మామ చెప్పిందే నిజమా? బాపు ఇన్నేళ్లూ అబద్ధమాడాడా? నీళ్ల కుండ ఎత్తుకున్నవాడైనా ఎక్కడైనా ఉన్నాడేమోనని ఒక్కొక్క ఫ్రేమూ వెతికాను. వెతుకుతుంటే రెండు పీడలు నన్ను విసిగించాయి. ఒకటి, తెర ఎడమ అంచున వస్తూ పోతూ ఉన్న ఒక నల్ల మచ్చ, దాని మీద అడ్డంగా ఒక గీత. రెండోది, పాట నడుస్తుంటే మధ్య మధ్యలో చెవులు పగిలేలా "ఠంగ్" మని ఒక చప్పుడు. రీలు పాతదై గీసుకుపోయిందని, అతుకుల దగ్గర శబ్దం ఎగురుతోందని తేల్చేశాను. నిపుణుణ్ణి కదా! మచ్చను ఫ్రేము ఫ్రేముకూ తుడిచాను. ఠంగులను బియ్యంలో రాళ్లలా ఒక్కొక్కటే ఏరేశాను. చివరగా, డిస్కులో చోటు లేదు, మూడు పెళ్లిళ్లు లోపల కూర్చున్నాయి, అందుకని కొత్త ఫైలును పాతదాని మీదే సేవ్ చేశాను. ఆ మీట నొక్కిన వేలు ఇప్పటికీ నాతోనే ఉంది, దాంతోనే ఈ ముక్కలు రాస్తున్నాను.

ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక హాలు కిటికీలకు దుప్పట్లు కట్టాం. బాపు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని ముందు వరసలో కూర్చున్నాడు, పక్కన మా అవ్వ, నన్ను కన్న తల్లి. ఆయన్ను చూసి నాకు ఏడుపొచ్చింది. సినిమాలో నువ్వు లేవు బాపూ అని ముందే చెబుదామని రెండుసార్లు దగ్గరికి పోయాను. రెండుసార్లూ ఆయనే "ఎప్పుడు షురూ చేస్తవురా?" అని నవ్వాడు, నేను వైర్లు సర్దుతున్నట్టు వెనక్కి వచ్చాను. విక్టర్ మామ నల్లకళ్లద్దాలు పెట్టుకుని మధ్యలో కూర్చున్నాడు. బ్యాండు కాలం నుంచీ వీరాభిమాని అయిన సమ్మయ్య కాక, బాయిలో పనిచేసి చెవులు కొంచెం తగ్గినాయన, స్పీకరును ఆనుకుని కూర్చున్నాడు.

సినిమా మొదలైంది. అద్దంలా ఉంది. నేను చప్పట్ల కోసం ఎదురుచూశాను.

"గీ పోరగాండ్లు ఎవల్రా?" అన్నాడు సమ్మయ్య కాక.

"మనోళ్లే కాకా."

"మనోళ్లు గింత తెల్లగ ఎప్పుడున్నరు? గీళ్లు బాయి మొహం సూశిన్రా అసలు? బ్యాంకుల కూసునేటోళ్ల లెక్కున్నరు!"

వెనక నుంచి ఇంకొకాయన లేచాడు. "వాన ఏది? సినిమాల వాన పడుతుండె గద?"

"అది వాన కాదు, రీలు మీద గీతలు. తీసేసిన" అన్నాను గర్వంగా.

"ఎందుకు తీసినవ్? గా వానల పాడుతుంటే ఎంత మంచిగుండె!"

ఇంతలో విక్టర్ మామ కళ్లద్దాలు తీసి తెర దగ్గరికి నడిచాడు. తన యవ్వనపు మొహానికి ఎదురుగా ముక్కు ఆనించి నిలబడ్డాడు. "ప్రవీణ్! నా మీసమేదిరా?"

అప్పుడు చూశాను. అప్పుడే మొలిచిన నూనూగు మీసాన్ని నా మీట బొగ్గు కింద జమకట్టి ఊడ్చేసింది. "మా మామ గా మీసం సూశే పిల్లనిచ్చిండు!" అని మామ కేకపెట్టాడు.

"జర కూసో మామా, అసలు పాట వస్తుంది" అని బతిమాలాను.

పాట వచ్చింది. గిటారు సాగుతోంది. ముసలివాళ్లందరూ ముందుకు వంగారు. అందరి కుడిచేతులూ గాల్లోకి లేచాయి. ఎందుకు లేపారో తెలియదు, కానీ బాగుంది. తెర మీద డ్రమ్ము వాయించే కుర్రాడు ఎడమపక్కకు తిరిగి కన్ను గీటాడు. చేతులన్నీ ఒకేసారి కిందికి దిగి కుర్చీల మీద దబ్బున పడ్డాయి.

తర్వాత ఏమీ లేదు. తెర మీద కుర్రాళ్లందరూ ఎడమపక్కకు, ఖాళీ గోడ వైపు చూసి, పగలబడి నవ్వుతున్నారు. హాలులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. సమ్మయ్య కాక స్పీకరును రెండు చేతులా పట్టుకుని ఊపాడు.

"ఆపు! ఆపురా! ఏదిరా?"

"ఏది ఏది కాకా?"

"ఠంగు!"

"ఏం ఠంగు?"

"ఠంగురా! ఠంగు! పాటల ఠంగుమంటది గద! నా చెవులు పూర్తిగనే పోయినయా? ఓ మల్లేశం, నీకు ఇనబడ్డదా?"

"నాకూ ఇనబడలే కాకా!"

"అయ్యో, అందరియీ ఒక్కపారే పోయినయా!"

"ఓ, ఆ చప్పుడా?" అన్నాను. ఆ "ఓ" ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఖరాబున్నదని తీసేసిన. వారం పట్టింది."

బాపు లేచి నిలబడలేదు, తిట్టలేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "ఎడమ దిక్కు అంచుకు నల్లగ కనబడ్తుండాలె. అదేదిరా?"

"మచ్చనా? తుడిచేసిన."

"గది నా మోచెయ్యి."

"దాని మీద గీతుండె బాపు... రీలు గీసుకపోయింది అనుకున్న..."

బాపు ఇస్త్రీ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి మీద అడ్డంగా నీలంగా గీత. బాయిలో రాయి తగిలి, గాయంలో బొగ్గు పడి, లోపలే ఉండిపోయిన మచ్చ. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. "రైలు పట్టా ముక్కను పానా పట్టి కొట్టింది నేనురా. కెమెరాల పట్టకపోతిని. చప్పుడు, మోచెయ్యి, గీ రెండే నాయి గా సినిమాల. ఇంకేమన్న మిగిల్చినవా నాది?"

నేల చీలితే బాగుండునని అందరూ అంటారు. మా ఊళ్లో నేల కింద అంతా బొగ్గుబాయే, అయినా ఆ రోజు చీలలేదు.

అప్పుడు జరిగింది ఎవరూ అనుకోనిది. విక్టర్ మామ, ఇంకా తన మీసం దగ్గరే నిలబడి ఉన్నవాడు, గిర్రున తిరిగి నా మీద విరుచుకుపడ్డాడు. "తెలివి లేనోడా! ఠంగు తీసేస్తే నేనెట్ల ఎత్తుకుంట పాట? మీ బాపు ఠంగుమంటేనే నేను నోరు తెరిసేది! దానిగాడు లేకపోతే ఆ పాట ముంగటికే పోదు!"

అన్నాక, అన్నదేమిటో ఆయనకే వినబడింది.

మా అవ్వ కొంగు సర్దుకుని లేచింది. "ఇంకోపారి అను విక్టరన్నా. సమ్మయ్యన్నకు ఇనబడలేదట."

"ఇనబడ్డదమ్మా, మంచిగనే ఇనబడ్డది" అన్నాడు సమ్మయ్య కాక. "గట్లయితే నీళ్ల కుండ ఎవలు మోసిన్రు మరి?"

"నేనే మోసిన!" అని మామ గొణిగాడు. "ఊకోండ్రి ఇగ. ప్రవీణ్, పాతది పెట్టు."

పాతది లేదు. పాతదాని మీదే కొత్తది సేవ్ చేశానని చెప్పాను. ఎందుకన్నారు, మూడు పెళ్లిళ్లున్నాయన్నాను. ఎవరి పెళ్లిళ్లు అని అడిగినవాళ్లూ ఉన్నారు. రీలు పొడైంది, కేసెట్టుకు బూజు. ప్రపంచంలో బాపు కొట్టిన ఆ దెబ్బలు ఇక ఎక్కడా లేవు.

"ఎందుకు లెవ్వు?" అని బాపు లేచాడు. "పట్టా ముక్క అదే. నేనే తెచ్చి చర్చికిచ్చిన. చెయ్యి గూడ అదే. సినిమా మళ్ల పెట్టురా."

వరండాలోకి నడిచాడు. సమ్మయ్య కాక తన స్కూటరు డిక్కీలోంచి పానా తెచ్చిచ్చాడు. తలుపు బార్లా తెరిచి, తెర కనిపించేలా బాపును నిలబెట్టాం. నేను ఫోను పట్టుకుని రికార్డు చేయడానికి నిలబడ్డాను. పాట మొదలైంది. తెర మీద కుర్రాడు కన్ను గీటగానే బాపు చెయ్యి లేచింది.

ఠంగ్!

హాలంతా ఈలలు. నాలుగు వరసల పాట, మళ్లీ ఠంగ్! మళ్లీ నాలుగు వరసలు, ఠంగ్! ఒక్క దెబ్బ తప్పలేదు. బాపు మొహం చూడాలి మీరు. ఆ ముసలాయన చొక్కాలో ఇరవై రెండేళ్ల కుర్రాడు నిలబడి ఉన్నాడు.

ఆ సంతోషంలో ఒక్కరికీ తట్టలేదు. మా చర్చి గంట, ఆరాధన వేళ కాని వేళ, ఆగి ఆగి, ఒక్కొక్క దెబ్బ!

వీధి చివర నుంచి కేక వినిపించింది. రాహేలత్త, బాపును సొంత అన్నలా చూసే ఆవిడ, జ్వరమొచ్చి ఆరాధనకు రాలేదు. దానయ్యకు పానం బాగలేదన్న పుకారు ఆమె చెవిన పడింది. గంట విన్నది, లెక్క కట్టేసింది. జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొస్తోంది, వెనక పదిమంది.

"అన్నా! దానయ్యన్నా! నన్నిడిసి పోయినవా అన్నా!"

నేరుగా వరండాలోకి వచ్చి, పానా పట్టుకుని నిలబడ్డ మనిషి కాళ్ల దగ్గర కూలబడి, "ఓ అన్నా! మా అన్న ఏడి?" అని ఆయన్నే అడిగింది. బాపు తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఆగు చెల్లె, పాట ఇంక ఒడువలే, ఆఖరి దెబ్బ ఉన్నది" అన్నాడు.

రాహేలత్త తలెత్తి చూసింది. చూసి, మూర్ఛపోయే ముందు, పెద్దగా ఒక్క కేక పెట్టింది. సరిగ్గా ఆ కేక మీదే బాపు ఆఖరి ఠంగు కొట్టాడు.

తర్వాత అత్తకు నీళ్లు చల్లాం, చాయ్ పోశాం. వెంట వచ్చినవాళ్లలో ఒకాయన పూలదండ కూడా తెచ్చాడు. తెచ్చింది వెనక్కి తీసుకుపోవడం మంచిది కాదని విక్టర్ మామే దాన్ని తీసుకుని బాపు మెడలో వేశాడు. మర్నాటి నుంచి బాపు మళ్లీ చాయ్ హోటలుకు పోవడం మొదలుపెట్టాడు.

నా శిక్ష మాత్రం అప్పుడే మొదలైంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నాది తిరగబడింది, బొగ్గు కడగనేల, మళ్లీ పూయనేల. ఒక నెల పాటు స్టూడియోలో కూర్చుని తెల్లటి మొహాలకు బొగ్గు పూశాను. వాన గీతలు గీశాను. విక్టర్ మామ రోజూ బస్సెక్కి వచ్చి, నా భుజం మీంచి వంగి, "మీసం ఇంకొంచెం దట్టంగ పెట్టు, అప్పుడు గట్లనే ఉండె" అని పెంచుకుంటూ పోయాడు. ఎడమ అంచున బాపు మోచేతిని కొత్తగా తీసి అతికించాను. దానికి బొగ్గు పూయబోతే బాపు నా చెయ్యి ఆపాడు. "గీతకు ఏం పూయకు. గా బొగ్గు లోపలిది, నీ మీటకు గూడ పోదు."

ఫోనులో రికార్డయిన ఠంగులన్నీ వరసగా వేశాను. ఆఖరిదాని దగ్గర ఆగిపోయాను. దాని మీద రాహేలత్త కేక ఉంది. విడదీయడానికి రాదు. రాదంటే అబద్ధం, నాకు బ్రహ్మాండంగా వచ్చు. వేలు మీట మీదికి పోయింది కూడా. ఇవతలికి లాక్కుని, బాపుకు ఫోను చేసి అడిగాను.

"ముట్టకు" అన్నాడు.

అందుకని ఈ రోజుకీ క్రిస్మస్ వారంలో ఆ సినిమా వేసినప్పుడు, పాట చివరికి రాగానే హాలంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంది. అప్పటి బ్యాండును ఎన్నడూ చూడని కొత్త అభిమానులు కూడా చేతులు లేపుతారు. ముందు వరసలో రాహేలత్త కొంగు సర్దుకుని, "ఇగో, నాది వస్తుంది" అని పక్కవాళ్లను పొడుస్తుంది. తన అన్నతో పాటు తానూ బ్యాండులో ఉన్నానని ఇప్పుడు ఆమె వాదన. విక్టర్ మామ కాదనడానికి సాహసించడం లేదు.

కాబట్టి, బెల్లంపల్లి చర్చి వరండాలోని రైలు పట్టా ముక్క మీద చెయ్యేసి నేను చేసిన ప్రమాణం ఇది. ఇక జన్మలో ఏ మనిషి మొహం మీది మసీ, వాణ్ణి అడగకుండా తుడవను. ఏ సినిమాలో ఏ చప్పుడు చెవి పగలగొట్టినా, అది ఎవరి బాపుదో కనుక్కోనిదే తీయను. ఈ ప్రమాణం వల్ల నా పెళ్లి వీడియోల్లో మేనమామల దగ్గులన్నీ అలాగే ఉండిపోతున్నాయి. గిరాకీ కొంచెం తగ్గింది కానీ, మేనమామలు మాత్రం చాలా సంతోషంగా ఉన్నారు.